అతిగా తవ్వే పిల్లికి ఎలాంటి లిట్టర్ బాక్స్? తులసి కుండీ దారి చూపిన ఒక కేసు

పిల్లి లిట్టర్ బాక్సులో (ఇంట్లో పిల్లి మలమూత్రాల కోసం పెట్టే పెట్టె, అందులో పోసే మట్టి లాంటి గింజలే లిట్టర్) అతిగా తవ్వుతోందంటే ఇంట్లోవాళ్లు ముందు ఆలోచించేది ఆ తవ్వడాన్ని ఎలా ఆపాలనే. పశువైద్యుడిగా నేను ఈ కేసును వివరంగా రాసి పెట్టడానికి కారణం అదే. ఆపాలని చేసిన ప్రతి ప్రయత్నంతోనూ ఇక్కడ తవ్వడం పెరిగింది. తవ్వుకోవడానికి సరిపడా చోటు ఇచ్చాకే తగ్గింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, పిల్లి పేరు మార్చాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. రిటైరైన దంపతులు, వాళ్లతో పాటు పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు. పిల్లి పేరు చంటి అనుకుందాం. దేశవాళీ మగపిల్లి, మూడేళ్లు, 5.2 కిలోల బరువు. కూనగా ఉన్నప్పుడు సెల్లారులో దొరికితే తెచ్చి పెంచుకున్నారు. సకాలంలో టీకాలు వేయించారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. అప్పట్నుంచి వాడు గడప దాటలేదు. తిండి డ్రై ఫుడ్డు, అప్పుడప్పుడూ ఉడికించిన చికెన్.

చిన్నప్పటి నుంచీ వాడికి తవ్వడం ఎక్కువే. దాన్నెవరూ సమస్య అనుకోలేదు. కూతురు వచ్చాక రెండు మార్పులు జరిగాయి. ఆమె గదికి ఆనుకున్న బాత్‌రూములోని లిట్టర్ ట్రేని వంటింటి వెనక యూటిలిటీ బాల్కనీలోకి, వాషింగ్ మెషిన్ పక్కకు మార్చారు. లిట్టర్ ఇంట్లో పరుచుకోకూడదని ట్రేలో పోసేది సగానికి సగం తగ్గించారు. ఈ రెండో సంగతి మొదటి రోజు నాకు ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన విషయమని వాళ్లకు తోచలేదు.

వచ్చిన సమస్య

"డాక్టరు గారూ, వీడు కూర్చునేదానికంటే తవ్వేదే ఎక్కువ. అర్ధరాత్రి గరగరా గీరుతుంటే కింద ఫ్లాటువాళ్లు కూడా అడిగారు, ఏంటండీ ఆ చప్పుడని. ఆ లిట్టరంతా వంటింట్లోకి వస్తోంది. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల. ఏదైనా మాత్ర ఉంటే ఇవ్వండి. లేకపోతే వీణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు ఈయన" అంది ఆవిడ. వెళ్లబోతూ ఇంకో మాట అంది: "పోయిన వారం తులసి కుండీ తవ్వేసి అందులోనే కూర్చున్నాడండీ. మా అత్తగారి కాలం నాటి తులసి. అది మాత్రం తట్టుకోలేకపోయాను."

కుటుంబం దృష్టిలో తులసి సంగతి అన్నిటికంటే పెద్ద నేరం. నాకు మాత్రం ఆ రోజు విన్నవాటిలో ఎక్కువ పనికొచ్చిన సమాచారం అదే.

ముందు జబ్బు సంగతి

మగపిల్లి ట్రే దగ్గర ఎక్కువసేపు గడుపుతోందంటే బాక్సు గురించి ఆలోచించే ముందు మూత్రాశయం గురించి ఆలోచించాలి. మూత్రనాళం సన్నం కాబట్టి మగపిల్లుల్లో అడ్డు పడే ప్రమాదం ఎక్కువ. పూర్తిగా అడ్డుపడితే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మూత్రాశయం వాపు, మలబద్ధకం, ఆసన గ్రంథుల నొప్పి ఉన్న పిల్లులు కూడా తవ్వి, తిరిగి, మళ్లీ తవ్వి, కూర్చోకుండానే బయటికొస్తాయి. చూసేవాళ్లకు అది అతిగా తవ్వడంలాగే కనిపిస్తుంది.

చంటికి పొట్ట నొక్కి చూస్తే మూత్రాశయం మెత్తగా ఉంది, నొప్పి లేదు. పెద్దపేగులో గట్టిపడ్డ మలం లేదు. మూత్రం సూదితో తీసి పరీక్షించాం: చిక్కదనం 1.045, రక్తం లేదు, స్ఫటికాలు లేవు. అల్ట్రాసౌండులో మూత్రాశయం గోడ మామూలుగానే ఉంది. అరికాళ్ల మెత్తలు, వేళ్ల సందులు, గోళ్లు చూశాను. పుండ్లు లేవు. ముందుకాళ్ల గోళ్ల మొనలు మాత్రం అరిగి మొద్దుబారి ఉన్నాయి. మెత్తటి లిట్టర్‌లో తవ్వే పిల్లికి గోళ్లు అలా అరగవు. గట్టి ఉపరితలం మీద పదేపదే గీరుతోందన్నమాట.

మాత్ర అడిగారు గానీ రాయలేదు. ఆందోళన తగ్గించే మందులు అవసరమైన పిల్లులున్నాయి, వాటికి నేనూ రాస్తాను. అలాంటి పిల్లి దాక్కుంటుంది, తిండి తగ్గిస్తుంది, ఒళ్లు నాకి నాకి వెంట్రుకలు ఊడగొట్టుకుంటుంది, లేదా మనుషుల మీద కోపం చూపిస్తుంది. వీడు తింటున్నాడు, ఆడుతున్నాడు, సోఫా మీద వెల్లకిలా పడుకుంటున్నాడు. తేడా అంతా ట్రేకు మూడడుగుల లోపే ఉంది. అలాంటప్పుడు ముందు ట్రేని అనుమానించాలి.

వీడియోలో కనిపించింది

ఫోన్‌ను బాల్కనీ గ్రిల్లుకు కట్టి, రాత్రి ట్రే వైపు తిప్పి రికార్డు చేయమన్నాను. ఖాళీ ట్రేని కడిగి క్లినిక్‌కు తెమ్మన్నాను. ఎంతసేపు మాట్లాడినా తేలని విషయం ఈ రెండింటితో తేలింది.

ట్రే 42 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 ఎత్తు. షాపుల్లో మామూలుగా దొరికేదే. చంటి ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు టేపు పెడితే 47 సెంటీమీటర్లు వచ్చింది. అంటే పిల్లి కంటే ట్రే చిన్నది. వీడియోలో ముందుకాళ్లు లోపల, వెనక కాళ్లు అంచు మీద. రెండు మూడు సార్లు తవ్వగానే గోళ్లు ప్లాస్టిక్‌కు తగిలి చప్పుడు. ఆగి వాసన చూసి, పక్కకు జరిగి మళ్లీ తవ్వాడు, మళ్లీ అదే చప్పుడు. తిరగబోతే నడుము గోడకు తగిలింది. చివరికి ఒక మూల మూత్రం పోసి, కప్పడానికి ట్రే గోడను గీరాడు, ఆ తర్వాత బయటి టైల్సును గీరాడు. మూత్రం మీద లిట్టర్ గింజ కూడా పడలేదు.

ఖాళీ ట్రేని వెలుతురుకు పెట్టి చూస్తే అడుగంతా సన్నటి గీతలు. సబ్బుతో కడిగి ఎండబెట్టి తెచ్చారు, మామూలుగా చూస్తే వాసన లేదు. అందులో గోరువెచ్చని నీళ్లు పోయగానే మూత్రం వాసన గుప్పుమంది. గీతల్లో దిగిన మూత్రం కడిగినా పూర్తిగా పోదు. మనకే అంత తెలిసిందంటే, మనకంటే ఎన్నో రెట్లు వాసన పట్టే పిల్లి ముక్కుకు ఆ ట్రే ఎప్పుడూ మురికిగానే ఉందన్నమాట. గీరితే గీతలు, గీతల్లో వాసన, ఆ వాసనను కప్పడానికి మళ్లీ గీరడం. ఇలా చుట్టు తిరుగుతోంది.

తులసి కుండీ వీడియో కూడా వాళ్లబ్బాయికి పంపడానికి తీసి ఉంచారు. అందులో చంటి ప్రవర్తనే వేరు. నాలుగు కాళ్లూ కుండీలో పెట్టి గొయ్యి తీశాడు, కూర్చున్నాడు, లేచి వాసన చూశాడు, మట్టి కప్పి దిగిపోయాడు. గీరడం లేదు, తిరగడం లేదు. అలవాటుగా అతి చేసే పిల్లి అయితే కుండీలోనూ అతి చేయాలి. లోతైన, మెత్తటి, వాసన లేని మట్టి దొరికిన చోట వీడు మామూలు పిల్లే. ఇళ్లలో పెరిగే పిల్లులకు మూలం ఆఫ్రికా, పశ్చిమాసియాల్లోని అడవిపిల్లి. పొడి నేలల్లో బతికిన జంతువది. గొయ్యి తీసి కప్పడం దాన్నుంచి వచ్చిన గుణం, ఎవరో నేర్పిన చెడ్డ అలవాటు కాదు.

అక్కడి నుంచి నా ప్రశ్న మారింది. ఇది ఎందుకు తవ్వుతోంది అన్నది వదిలేసి, తవ్వితే పంజాకు ఏం తగలాలనుకుంటోంది, ఏం తగులుతోంది అని చూడటం మొదలుపెట్టాను.

అప్పటికే చేసి విఫలమైనవి

లిట్టర్ తగ్గించడం మొదటిది. 2 సెంటీమీటర్ల మందం కూడా లేని చోట గొయ్యి ఎలా వస్తుంది? చప్పుడు మొదలైందే అప్పట్నుంచి.

తర్వాత మూత ఉన్న బాక్సు కొన్నారు. లిట్టర్ బయటికి రాకపోవడం నిజమే. వాసన లోపలే నిలిచింది, పైగా కంటికి కనబడదు కాబట్టి మలమూత్రాలు ఎత్తడం ఒక రోజు, రెండు రోజులు ఆలస్యమైంది. మూత ఉంటే ఏ పిల్లీ ఇష్టపడదనుకోవడం సరికాదు. 2013లో మూత ఉన్నవి, లేనివి పక్కపక్కన పెట్టి చేసిన పరిశోధనలో, శుభ్రంగా ఉంచితే ఎక్కువ పిల్లులకు తేడా లేదని, కొన్నిటికి మాత్రం సొంత ఇష్టాలున్నాయని తేలింది. చంటి విషయంలో అడ్డం మూత కాదు, దాని కింద ఉన్న చోటు. లోపలి కొలత పాత ట్రే అంతే, తల పైకెత్తడానికి కూడా లేదు. నాలుగు రోజులకు వాడు బాక్సు ఎదుటి డోర్‌మ్యాట్ మీద మూత్రం పోశాడు.

మూడోది చెక్కపొట్టు గుళికలు. గుళికలు పెద్దవి, పాదాలకు అంటుకోవు, ఇంట్లోకి రావు. ఆ లెక్క సరైనదే. కానీ చంటి వాటి మీద కాలు పెట్టి, విదిలించి, దిగిపోయేవాడు. నాలుగోది మల్లెపూల సెంటు కలిపిన లిట్టర్. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఆ సువాసన మన కోసం కలిపింది.

ఒక్కొక్క మార్పు

అన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడొచ్చు గానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు. రేపు మళ్లీ తేడా వస్తే ఎక్కడ చూడాలో కుటుంబానికి అర్థం కాదు. అందుకే విడివిడిగా వెళ్లాం.

ముందు లోతు. అదే కొలత ఉన్న కొత్త ట్రేలో 7 సెంటీమీటర్ల మందాన లిట్టర్ పోయమన్నాను. ఆవిడ భయపడింది, ఇల్లంతా అదే అవుతుందని. అలాగే అయింది కూడా. 10 సెంటీమీటర్ల అంచులో 7 నిండితే మిగిలేది 3. కానీ అడుగు గీరే చప్పుడు దాదాపు ఆగిపోయింది. లోతు గురించి అనుకున్నది నిజమైంది. చిందడం వేరే సమస్య, అంచు ఎత్తుకు సంబంధించిందని కూడా తేలింది. లిట్టర్ తగ్గిస్తే చిందడం తగ్గుతుందన్న నమ్మకం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చిందే.

తర్వాత గింజ. ఒకే రకం ట్రేలు రెండు పక్కపక్కన: ఒకదాంట్లో సెంటు లేని సన్న గింజ బెంటోనైట్, ఇంకోదాంట్లో సోయా పిప్పితో చేసే టోఫూ లిట్టర్. కూతురికి ధూళి పడకూడదన్న ఆలోచనతో టోఫూ వాళ్లే తెచ్చుకున్నారు. మధ్యలో రెండు ట్రేల స్థానాలు తారుమారు చేయించాను, లేకపోతే పిల్లి లిట్టర్‌ని ఎంచుకుందో, మూలని ఎంచుకుందో చెప్పలేం. స్థానం మార్చినా చంటి బెంటోనైట్ వెంటే వెళ్లాడు. ఇది మన దేశంలో గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో దొరికే బంకమట్టి. తడి తగిలితే ఉబ్బి గడ్డ కడుతుంది, గడ్డను స్కూపుతో ఎత్తేస్తే మిగతాది పొడిగా ఉంటుంది. ఉబ్బే గుణం ఉంది కాబట్టే దీన్ని టాయిలెట్లో పోయకూడదు, అపార్టుమెంటు పైపులు మూసుకుపోతాయి. ధూళి తక్కువ రకం తీసుకుని, బస్తా నుంచి వంపేటప్పుడు కూతుర్ని దూరంగా ఉండమన్నాను.

బాక్సు ఎంపిక

అమెరికా పిల్లి వైద్యుల సంఘం, అంతర్జాతీయ పిల్లి వైద్య సంస్థ కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బాక్సు పొడవు పిల్లి శరీరానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 47కు ఒకటిన్నర రెట్లంటే దాదాపు 70 సెంటీమీటర్లు. పెద్దదీ చిన్నదీ పక్కపక్కన పెడితే పిల్లులు పెద్దదాన్నే ఎక్కువగా వాడాయని అదే సంవత్సరం వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. ఈ కొలతతో పెట్ షాపుకు వెళ్తే బాక్సులు చాలా వరకు పక్కకు పోతాయి.

పైనుంచి దిగే బాక్సు గురించి ఆయన అడిగారు. చిందకుండా ఉండటంలో అది మంచిదే. కానీ వాళ్లకు దొరికినదాంట్లో లోపలి చోటు మూత బాక్సు అంతే ఉంది. వీడియోలో నడుము తగిలి ఆగిపోయిన పిల్లిని మళ్లీ అలాంటి చోట దించడంలో అర్థం లేదు. స్టీలు ట్రే మీద నాకూ మనసు పోయింది. గీతలు పడవు, వాసన పట్టదు, కడగడం సులువు. ఆగింది రెండు కారణాలతో: గోరు స్టీలుకు తగిలితే వచ్చే చప్పుడు కింద ఫ్లాటువాళ్లకు ఇంకా ఎక్కువ వినిపిస్తుంది, ఎత్తు పెంచడానికి పైన బిగించే ప్లాస్టిక్ గోడకీ స్టీలుకీ మధ్య అతుకులోంచి మూత్రం కారుతుంది. చంటి సగం లేచి మూత్రం పోసే రకం, ధార సరిగ్గా ఆ అతుకు దగ్గరే తగులుతుంది. సొంత ఇంట్లో, కింద ఎవరూ లేని చోట, పూర్తిగా కూర్చునే పిల్లికైతే స్టీలునే చెప్పేవాణ్ణి.

చివరికి తీసుకున్నది దుప్పట్లు సర్దుకునే ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా. పైన 70 పొడవు, 48 వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు. మూత తీసేశారు. పొట్టి వైపు గోడలో, నేల నుంచి 16 సెంటీమీటర్ల ఎత్తున, 22 వెడల్పుతో కార్పెంటరు చేత ద్వారం కోయించారు. పొట్టి వైపే ఎందుకంటే, అక్కడినుంచి ఎక్కిన పిల్లి ఎదుటి గోడ దాకా నడిచి అక్కడ తవ్వుతుంది, వెనక్కి విసిరిన లిట్టర్ ద్వారం చేరేలోపు లోపలే పడుతుంది. పొడవు వైపు కోస్తే ద్వారం తవ్వే చోటు పక్కనే ఉంటుంది. 16 ఎందుకంటే, లిట్టర్ మందం పోను కనీసం అరజేనెడు గోడ మిగలాలి. మూడేళ్ల పిల్లికి ఆ ఎత్తు లెక్కలోది కాదు, కీళ్లనొప్పులున్న ముసలి పిల్లికైతే ఇంత పెట్టకూడదు. కోసిన అంచుని ఉప్పుకాగితంతో రుద్ది, నిలువునా చీల్చిన రబ్బరు పైపు తొడిగారు, గోరు చిక్కుకోకుండా.

లిట్టర్‌ని సమంగా పరచలేదు. ఎదుటి గోడ వైపు 9 సెంటీమీటర్లు, ద్వారం వైపు 5, ఏటవాలుగా. తవ్వేది ఆ చివర, అక్కడ లోతుంటే చాలు. మొదటిసారి 18 కిలోలు పట్టింది, ఆ ఖర్చు ఆయనకు ఎక్కువే అనిపించింది. రోజూ గడ్డలు ఎత్తేసి తగ్గినంత కలుపుకోవడమే కాబట్టి ఆ తర్వాత నెలవారీ వాడకం పాత లెక్కకు దగ్గరగానే వచ్చింది.

కొత్త ప్లాస్టిక్ వాసనకు చంటి మొదట్లో అంచు దగ్గరే ఆగిపోయాడు. పాత ట్రేలోంచి వాడిన లిట్టర్ ఒక స్కూపు తీసి డబ్బాలో కలపమన్నాను. పాత ట్రేని వెంటనే తీసేయకుండా పక్కనే ఉంచాం. దాంట్లో అడుగు పెట్టడం వాడే మానేశాక తీసేశారు.

చోటు కూడా మార్చాం. వాషింగ్ మెషిన్ స్పిన్‌లో ఉండగా పిల్లి మధ్యలోనే దూకి పారిపోవడం ఒక వీడియోలో కనిపించింది. పైగా వానాకాలంలో జల్లు కొట్టే బాల్కనీలో బెంటోనైట్ తేమ పట్టి అట్టకట్టిపోతుంది. హాలు చివర, పుస్తకాల బీరువా పక్కన ఖాళీ మూల దొరికింది. అక్కడ పెట్టడానికి ఒప్పించడానికే ఎక్కువసేపు పట్టింది. వచ్చినవాళ్లకు కనబడుతుందని ఆయన అభ్యంతరం. రోజుకు రెండుసార్లు ఎత్తితే వాసన రాదని చెప్పాను, కనబడే చోట ఉంటేనే రెండుసార్లు ఎత్తడం జరుగుతుందని కూడా చెప్పాను. తులసి కుండీ మట్టి మీద గులకరాళ్లు పరిచారు.

కడుపుతో ఉన్న అమ్మాయి విషయం

ఇచ్చేద్దామన్న ఆలోచనకు అసలు కారణం ఇదే కాబట్టి దీనికి విడిగా సమయం ఇచ్చాను. టాక్సోప్లాస్మా అనేది పిల్లి మలం ద్వారా కూడా సోకే, కడుపులో బిడ్డకు హాని చేయగల పరాన్నజీవి. దాని భయం నిరాధారమైంది కాదు. అయితే పిల్లి మలంలో వచ్చే ఆ గుడ్లలాంటి కణాలు బయటికొచ్చిన 1 నుంచి 5 రోజులకు గానీ మనిషికి అంటే స్థితికి రావు. పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడే, కొద్ది వారాలపాటు వాటిని విసర్జిస్తుంది. ఇల్లు దాటని, వేటాడని, పచ్చిమాంసం తినని చంటికి కొత్తగా సోకే అవకాశం చాలా తక్కువ. రోజూ ఎత్తితే మిగిలేది మరీ తక్కువ. ఎత్తే పని తండ్రిది, గ్లవ్స్ వేసుకుని. "అమ్మా, సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, కుండీ మట్టిలో చేతులు పెట్టడం, వీటి దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి" అని అమ్మాయికే నేరుగా చెప్పాను. రక్తపరీక్ష అవసరమా అన్నది ఆమె గైనకాలజిస్టు చెప్పాల్సిన మాట కాబట్టి వాళ్లను అడగమన్నాను.

ఫలితం, ఇందులో నేర్చుకోవాల్సింది

తర్వాతి వీడియోల్లో చంటి నాలుగు కాళ్లతో డబ్బాలోకి వెళ్లి, ఎదుటి మూల గొయ్యి తీసి, కూర్చుని, తిరిగి కప్పి బయటికొచ్చాడు. గోడ గీరడం అప్పుడప్పుడూ రెండు మూడు గీరలు ఉంది, టైల్సు గీరడం పోయింది. తవ్వడం మాత్రం ఇప్పటికీ చాలా పిల్లుల కంటే ఎక్కువే, అది వాడి స్వభావం. చిందడం డబ్బా ముందున్న మ్యాట్ దాటడం లేదు. వేళ్ల సందుల్లో చిక్కుకున్న గింజలు మాత్రం ఇంకా సోఫా మీద కనిపిస్తున్నాయి. సన్న గింజకు ఒప్పుకున్నాక అది పూర్తిగా పోదని ముందే చెప్పి ఉంచాను. పిల్లిని ఇచ్చేసే మాట మళ్లీ రాలేదు.

ఇలాంటి కేసు వస్తే నేను ఇప్పుడు మొదట అడిగేది తవ్వడం ముందా, తర్వాతా అని. కూర్చునే ముందు ఎక్కువసేపు తవ్వుతూ చోట్లు మారుస్తుంటే లోతు, గింజ, నొప్పి వైపు చూస్తాను. కూర్చున్నాక గోడల్ని, నేలని గీరుతుంటే వాసన, చోటు, శుభ్రత వైపు చూస్తాను. చంటిలో రెండూ ఉన్నాయి, అందుకే కేసు సాగింది. రెండో ప్రశ్న: పిల్లి బాక్సు కాకుండా ఇంకెక్కడ కూర్చుంది? కుండీ మట్టి అయితే లోతు, మెత్తదనం కావాలంటోంది. బాత్‌రూము టైల్సు, సింకు లాంటి నున్నటి చోట్లు అయితే దానికి లిట్టర్ గింజే పడటం లేదేమో చూడాలి. అప్పుడు ఈ కేసులో చేసినట్టు లోతు పెంచితే ఉల్టా అవుతుంది. అలాంటి పిల్లికి చాలా పలచగా లిట్టర్ వేసిన ట్రేతో మొదలుపెట్టాల్సి రావచ్చు.

డబ్బా అడుగున గీతలు ఎంత పడ్డాయో ఆరు నెలలకోసారి ఖాళీ చేసి చూడమన్నాను. గోరువెచ్చని నీళ్ల పరీక్షలో వాసన వస్తే డబ్బా మార్చేయాలి. లిట్టర్ తగ్గిపోతే తెలిసేలా లోపలి గోడ మీద 9 సెంటీమీటర్ల దగ్గర మార్కర్‌తో గీత గీశారు. ఫైలులో చివరి సూచనగా రాసింది ఇది: గీత వరకు లిట్టర్ ఉండి, డబ్బా శుభ్రంగా ఉండి కూడా చంటి మళ్లీ పదేపదే వెళ్లి తవ్వుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తూ, లేదా ఏమీ పోయకుండా వస్తూ ఉంటే అది బాక్సు సమస్య కాదు. తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆస్పత్రికి తీసుకురావాలి.